అరవై నాలుగు తర్వాత ఎనభై ఒకటి

పాత ప్రార్థనల పుస్తకంలో అరవై నాలుగో పేజీ తర్వాత ఎనభై ఒకటో పేజీ వచ్చింది.

చర్చి లైబ్రేరియన్ వెనక్కి తిప్పి చూసింది. మళ్లీ అంతే.

పదహారు పేజీలు మాయం!

కుర్చీలో కూలబడింది. పొద్దుట్నుంచి నిచ్చెన ఎక్కీ దిగీ కాళ్లు పీకుతున్నాయి. రేపే చర్చి కమిటీ తనిఖీ. ఈ పుస్తకం ఉన్నది ఒక్కటే కాపీ.

బైండింగ్ చేయించి నెలైంది. ఈ నెలలో దాన్ని ముట్టుకున్నది ఒక్కడే.

గొణుగుడు తాత.

రోజూ పదింటికి వస్తాడు. కిటికీ పక్కన కూర్చుని, ఒక్కో వాక్యాన్నీ చప్పరిస్తున్నట్టు పైకే చదువుకుంటాడు.

"అమ్మాయ్, ఇది విను" అన్నాడు నిన్న, పుస్తకం మీదికి వంగి. "'సొమ్మసిల్లిన మా ప్రాణములకు ఆనికయై యుండుమని నిన్ను వేడుకొనుచున్నాము.'"

"ఆనిక అంటే?"

"ఆనుకోడానికి ఉండేది. ఇప్పుడైతే 'సహాయం చెయ్యి' అని తేల్చేస్తారు. ఆ మాటకి వీపు ఆనించి చూడు, వెల్లకిలా పడతావ్."

"నాకు ఈ కుర్చీ చాల్లెండి తాతగారూ."

నిన్నంతా ఆమె నవ్వింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు విషయసూచిక తీసింది. ఆనిక ప్రార్థన, డెబ్బయ్యో పేజీ.

ఒళ్లు మండింది.

పదయింది. తాత వచ్చాడు.

"నిన్న నాకు చదివి వినిపించిన ప్రార్థన ఏదీ?"

తాత పుస్తకం వంక చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"నిన్న ఉన్న పేజీ ఇవాళ ఏమైంది? కాళ్లొచ్చి నడిచిపోయిందా?"

ఆయన పుస్తకం మెల్లగా మూశాడు.

"చింపలేదని చెప్పండి, నమ్ముతాను."

"చింపలేదమ్మా."

"మరి ఎవరి పని?"

తాత కిటికీ వైపు తిరిగాడు.

"ఇంక రాకండి."

తాత కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తడి తగలనివ్వకు. పాత కాగితం" అన్నాడు.

మెట్లు దిగడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

మర్నాడు కమిటీవాళ్లు ఆమెని నాలుగు మాటలని, పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. కిటికీ పక్క కుర్చీ రెండు నెలలు ఖాళీగా ఉంది. ఆమె కూడా దానివైపు చూడటం మానేసింది.

ఓ మధ్యాహ్నం ఆ పుస్తకం కుట్టిన బైండర్ వచ్చాడు. మాసిన గడ్డం, నిద్రలేని కళ్లు. బల్లమీద ఒక కాగితాల మడత పెట్టాడు.

అరవై ఐదు నుంచి ఎనభై దాకా. ఎక్కడా చిరుగు లేదు.

"తాత ఇచ్చాడా?"

"తాతని నిన్న మట్టి చేశాం అక్కా."

ఆమె డెబ్బయ్యో పేజీ తీసింది. "ఇది నాకు చదివి వినిపించాడు" అంది. అతను నిలబడే చెప్పాడు.

"కుట్టేటప్పుడు ఈ ఫారం, అదే ఈ పదహారు పేజీల మడత, జారి బల్ల కింద పడింది, నేను చూసుకోలేదు. పుస్తకం మీకిచ్చిన మర్నాడే తాత నా కొట్టుకొచ్చాడు. 'ఒక ఫారం వదిలేశావురా, వెతికి కుట్టెయ్. కమిటీకి తెలిస్తే నీకింక పనివ్వరు' అన్నాడు. నేనే రేపూ మాపూ అని నాన్చాను. కమిటీవాళ్లు తాళం వేశాక చెప్పడానికి నోరు రాలేదు. ఆయనైతే చివరిదాకా నా పేరే ఎత్తలేదు. పేజీలు లేకపోయినా చదివాడంటే వింతేముందక్కా... ఆ పుస్తకం అచ్చేసిననాడు సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చింది ఆయనే."