వాషింగ్టన్ చేసుకున్న పెళ్లి

“నేను చెప్తే నమ్మవు గదా వదినె. వాని నోటితోనే విను” అంటూ బాబురావు తన ఫోనును గల్లాపెట్టె మీద నిలబెట్టాడు.

ఫోనులో ప్రేమ్‌రాజ్ పాఠం చెబుతున్నాడు. అఫ్జల్‌గంజ్‌లో ఆండాలు నడిపే తాళ్లు, టార్పాలిన్ల దుకాణం మీది గదిలో అద్దెకుంటాడతను. నయాపూల్ దగ్గర పోటీ పరీక్షల వాళ్లకు చరిత్ర చెబుతాడు. ఆ రోజు పాఠం అమెరికా అధ్యక్షుల ఆస్తుల గురించి.

“వాషింగ్టన్‌కు సొంత భూమి ఉంది. కానీ ఆయన్ను పెద్ద ధనవంతుణ్ణి చేసింది పెళ్లి. మార్తా అనే వితంతువును చేసుకున్నాడు. మొదటి భర్త వదిలిపోయిన వేల ఎకరాలు, వందల మంది బానిసలు ఆమెతోపాటే వచ్చాయి. అప్పటి చట్టం ప్రకారం భార్య ఆస్తి మీద పెత్తనం భర్తదే.”

బాబురావు ఫోను ఆపాడు.

“విన్నవా? వాడు పాఠం చెప్తలేడు, ప్లాన్ చెప్తుండు.”

టార్పాలిన్ బేరమాడుతున్న లారీ డ్రైవర్లు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. ఆండాలుకు ఒళ్లు మండింది.

“మీ అన్న పోయినంక ఈ దుకాణం కోసం నన్ను కోర్టుకు గుంజినవ్. ఓడిపోయినవ్. ఇయ్యాల నా మంచి కోరి వచ్చినవా?”

“నీ మంచి నాకెందుకు? వాణ్ణి చేసుకున్నవంటే మళ్ల కేసేస్త. మారుమనువు పోయినదానికి మా అన్న ఆస్తి మీద హక్కేందని అడుగుత. వాణ్ణయితే మూసీల పారేస్త.”

అతను వెళ్లాక ఆండాలు చాలాసేపు తాడు చుట్టతో కుస్తీ పట్టింది. భర్త పోయిన కొత్తలో అందరూ పుట్టింటికి వెళ్లిపొమ్మన్న మనిషి ఆమె. వెళ్లలేదు. తాడు కొలవడం నేర్చుకుంది, మార్కెట్ ఉర్దూ నేర్చుకుంది, హమాలీల మీద అరవడం నేర్చుకుంది. నిరుడు డెంగీ వచ్చి ఆసుపత్రిలో పడ్డప్పుడు మాత్రం పక్కన కూర్చోవడానికి ఎవరూ లేకపోయారు. దుకాణం మీది గదికి కొత్తగా వచ్చిన ప్రేమ్‌రాజ్ సెలవు పెట్టి మరీ కూర్చున్నాడు. పెళ్లి మాట అక్కడే మొదలైంది.

సాయంత్రం అతను దిగిరాగానే అడిగేసింది.

“అమెరికోళ్లంత గట్లనే సంపాదించిన్రా సారూ?”

ప్రేమ్‌రాజ్ నవ్వాడు. “అందరూ గట్ల కాదు. కెనెడీకి తండ్రి సంపాదించి పెట్టిండు. జెఫర్సన్‌కు మామ భూములొచ్చినయి, వాటితోపాటు మామ అప్పులూ వచ్చినయి. జాన్సన్‌ది ఇంకో కథ. ఆయన భార్య పుట్టింటి సొమ్ముతోని రేడియో స్టేషన్ కొన్నది. అది ఆమె పేరు మీదనే ఉండె.”

“ఆమె పేరు మీదనే?”

“మీ దుకాణం కూడ మీ పేరు మీదనే ఉండాలె. ఆ మాటకు ఒప్పుకుంటేనే పెళ్లి.”

ఆండాలు పైకే నవ్వింది. దుకాణంలో ఆమె నవ్వు వినిపించి ఎన్నాళ్లయిందో!

బాబురావు ఊరుకోలేదు. మనుషుల్ని వెంటేసుకుని వచ్చి బజారంతా వినేలా తిట్టిపోయాడు. ఒక పొద్దున మీది గది కిటికీ అద్దం పగిలి ఉంది. ఇంకో రోజు ప్రేమ్‌రాజ్ నుదుటికి కట్టుతో వచ్చాడు.

“ఎవరు కొట్టిన్రు?”

“ఎవరూ కొట్టలే. బ్రిడ్జి మీద జారి పడ్డ.”

ఆమె నమ్మలేదు. దుకాణం తన పేరు మీద ఉన్నన్నాళ్లు మరిది వదలడు. కోర్టు మొదలైతే ఇంకెన్నేళ్లో! ఆలోచించి ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది.

“దుకాణం నీ పేరు మీద రాస్త సారూ. నాదే కానప్పుడు వాడు నా మీద ఏమని కేసేస్తడు?”

“వద్దు. లోకం నన్ను వాషింగ్టన్ అంటది.”

“అననియ్యి. నువ్వెవరో నాకెరుక.”

అతను ఒప్పుకోలేదు. మర్నాడూ ఒప్పుకోలేదు. చివరికి ఆమె ఏడ్చింది. అప్పుడు తలవంచాడు, అతని కళ్లూ తడిశాయి. సోమవారం గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ అయింది. గురువారం ఆర్యసమాజంలో పెళ్లి అనుకున్నారు.

గురువారం ఆండాలు పసుపుపచ్చ పట్టుచీర కట్టుకుని ఆర్యసమాజం మెట్ల మీద కూర్చుంది. ముహూర్తం దాటిపోయింది. ప్రేమ్‌రాజ్ రాలేదు. ఫోను స్విచాఫ్. గదికి పరుగెత్తి చూస్తే బట్టలు, పుస్తకాలు, పెళ్లికని ఇస్త్రీ చేసిపెట్టుకున్న చొక్కా ఎక్కడివక్కడే ఉన్నాయి. పారిపోయినవాడి గదిలా లేదది.

“మూసీల పారేస్త” అన్న మాట చెవుల్లో మోగింది.

బాబురావు ఉండే ఫలక్‌నుమాకు ఆటో ఎక్కింది. నయాపూల్ మీద ట్రాఫిక్‌లో ఆటో ఆగితే, తల బయటపెట్టి కింద మూసీ నల్లటి నీళ్లలోకి చూసింది. ఏదో గుడ్డ తేలుతూ కనిపించి కెవ్వుమంది. అది గోనెసంచి.

బాబురావు ఎంగిలి చేత్తోనే తలుపు తీశాడు. ఆండాలు గడపలోనే అతని కాళ్ల మీద పడింది.

“ఆయన్నేం చేసినవ్ బాబురావ్? దుకాణం నువ్వే తీస్కో. ఆయన్ను బతిమాలి నీ పేరు మీద రాపిస్త. నేను ఈ ఊర్లెనే ఉండ. ఆయన్ను మాత్రం ప్రాణంతోని ఇడిసిపెట్టు.”

బాబురావు ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

“లే వదినె. ఇంట్ల చుట్టమున్నప్పుడు గీ లొల్లి ఏంది?”

లోపలి నుంచి బాబురావు భార్య గొంతు వినిపించింది. “మొహమాటపడకు తమ్మీ, ఇంకింత పెరుగేసుకో.”

ఆండాలు తలెత్తి చూసింది.

లోపల ప్రేమ్‌రాజ్ భోంచేస్తున్నాడు.