ఆయన పాట

ఉగాదిలోగా ప్రతి ఇల్లూ తన పాటలన్నిటినీ సర్కారు పట్టికకెక్కించాలి. ఎక్కని పాట ఆ ఇంట్లో ఇక మోగదు. పొయ్యి మీద పప్పు పడేసి, సుభద్రమ్మ కంప్యూటర్ నల్లతెర ముందు కూర్చుంది. మనవరాలు ఇందుజ నేర్పిన ఆదేశాలు ఒక్కొక్కటే టైపు చేసింది. కొన్న పాటలన్నీ ఎక్కాయి. చివరికి, పోయిన భర్త గొంతులో రికార్డు చేసుకున్న సినిమా పాట మిగిలింది.

"గాయకుడి పేరు?" అని తెర అడిగింది.

భర్త పేరు ఆమె ఏనాడూ పలకలేదు, రాయలేదు. "ఆయన" అని టైపు చేసింది.

"అలాంటి గాయకుడు లేడు. ఇది మీరు కొన్న సినిమా పాటకు నకలు. తొలగించాను."

"అయ్యో మామ్మా! తాతయ్య పేరు రాయాలి గానీ! తీసేసింది మళ్లీ రాదే!" అంది అప్పుడే వచ్చి తెర చూసిన ఇందుజ.

సుభద్రమ్మ, జీవితంలో మొదటిసారి, "పేర్రాజు" అని రాసి వెతికింది.

"ఈ పేరుతో పాటలేవీ లేవు" అంది తెర.