లాయరుగారింట్లో కోర్టు

ఆ రోజు ఇంట్లో లాయరు గౌరీశంకరం గారు ఉన్నారు. ఆయన భార్య మంగతాయారు ఉంది. మేడ మీద గదిలో వాళ్లబ్బాయి వంశీకృష్ణ ఉన్నాడు. పెనుమూడి నుంచి పొద్దున్నే బస్సులో వచ్చిన బసవమ్మ, ఆమె మనవరాలు మాధురి ఉన్నారు. వంటమనిషికి సెలవిచ్చారు. గుమస్తాను బాపట్ల కోర్టు పని మీద పంపేశారు.

మాధురి ఆఫీసు గదిలో కుర్చీ అంచున కూర్చుంది. తెల్లవారితే రేపల్లె కోర్టులో సాక్ష్యం చెప్పాలి. నలుగురి ముందు పాఠం అప్పజెప్పడానికే గొంతు పెగలని పిల్ల. ఇప్పుడు నాన్నను చంపినవాణ్ణి అందరి ముందూ వేలెత్తి చూపించాలి. చూపించలేకపోతే వాడు దర్జాగా ఇంటికి వెళ్లిపోతాడు.

వంతెన దిగుతున్న నాన్న పున్నారావును కారు గుద్దినప్పుడు పక్కన ఉన్నది మాధురి ఒక్కతే. కారు నడిపినవాడు కిందికి దిగాడు. పున్నారావును చూశాడు. మాధురిని చూశాడు. మళ్లీ కారెక్కి వెళ్లిపోయాడు. సాయంత్రానికి బాలస్వామి అనే కిరాయి కారు డ్రైవరు తనే గుద్దానని పోలీసులకు లొంగిపోయాడు. అతన్ని మాధురి మొదటిసారి రేపే బోనులో చూడబోతోంది.

తెనాలి, బాపట్ల, రేపల్లె, ఏ కోర్టుకు వెళ్లినా గౌరీశంకరం గారంటే లేచి నమస్కారం పెడతారు. ఫీజు ఇచ్చుకోలేనివాళ్ల కేసులే ఆయన దగ్గర ఎక్కువ. తుఫానుకు చేలు మునిగిన కౌలురైతులకు పరిహారం వచ్చేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయనే. పున్నారావు శవం ఆస్పత్రి నుంచి ఇంకా ఇంటికి రాకముందే పెనుమూడి వచ్చి బసవమ్మ పక్కన కూర్చున్నారు.

"ఈ కేసు నాదమ్మా. పైసా ఇవ్వొద్దు" అన్నారు.

ఆయనకో పద్ధతి ఉంది. పల్లెటూరి సాక్షులను ముందురోజే ఇంటికి పిలుస్తారు. కడుపునిండా భోజనం పెడతారు. తర్వాత ఇంట్లోనే కోర్టు నడిపిస్తారు. భయం పోవాలని.

"కోర్టు హాల్లో ఫోన్ ఉండకూడదమ్మా. ఇలా ఇవ్వు" అన్నారు. మాధురి ఇచ్చింది. ఆయన దాన్ని జేబులో వేసుకున్నారు.

మంగతాయారు ఒళ్లో చిక్కుడుకాయల చేట పెట్టుకుని ఆయన కుర్చీలో కూర్చుంది.

"జడ్జిగారు చిక్కుళ్లు ఒలుస్తున్నారని ఏమీ అనుకోకే పిల్లా. రాత్రి కూర అదే మరి."

బసవమ్మ పకపకా నవ్వింది. "మా పిల్ల నోట్లో నాలిక లేదండి లాయరుగారూ. బళ్లో మేష్టారు హాజరు పిలిస్తే దీని బదులు పక్కపిల్ల పలికేదండి!"

"రేపు పక్కపిల్ల రాదుగా. మనమే పలకాలి" అన్నారు ఆయన. తర్వాత మెట్ల వైపు తిరిగి పిలిచారు. "వంశీ! కిందికి రా."

వంశీకృష్ణ సగం మెట్లు దిగి ఆగాడు. "నేనెందుకు నాన్నా?"

"ముద్దాయి కావాలిరా. ఎవరో ఒకరు నిలబడాలి కదా."

"అమ్మా, నువ్వైనా చెప్పు."

"నిలబడరా. నీ సొమ్మేం పోయింది" అంది మంగతాయారు.

అతను వచ్చి పుస్తకాల బీరువా పక్కన తల వంచుకుని నిలబడ్డాడు.

"బాగా కుదిరాడు. అచ్చం ముద్దాయే" అంది తల్లి.

"బంగారంలాంటి బాబును పట్టుకుని అవేం మాటలమ్మా!" అని బసవమ్మ మళ్లీ నవ్వింది.

మాధురి నవ్వలేదు. చున్నీ కొసను వేలికి చుట్టుకుంటోంది.

"మీ నాన్న పేరేంటమ్మా?"

"పున్నారావండి."

"కారు నడిపిన మనిషిని చూశావా?"

"చూశానండి."

"మళ్లీ చూస్తే గుర్తుపడతావా?"

మాధురి తల ఇంకా కిందికి దించేసుకుంది.

"చెప్పవే నా తల్లీ. మీ నాన్న కోసమేనే" అని బసవమ్మ బతిమాలింది. మాధురి చున్నీలో మొహం దాచుకుంది.

"మీరుంటే బెదురుతోంది బసవమ్మగారూ" అంది మంగతాయారు. "మేడ మీద వడియాలు ఎండబెట్టాను. ఆరాయో లేదో కాస్త చూసి పెడుదురూ."

"అయ్యో, దానికేం భాగ్యమమ్మా" అంటూ బసవమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. ఆమె మెట్లెక్కుతున్న చప్పుడు మేడ మీదికి చేరింది.

గౌరీశంకరం గారు కుర్చీ దగ్గరికి జరుపుకుని మాధురి తల మీద చెయ్యి వేశారు.

"కంగారేం లేదు తల్లీ. మొహం ఎత్తి చూడు. ఆ మనిషి ఈ గదిలో ఉన్నాడా?"

మాధురి మొహం ఎత్తింది. వంశీకృష్ణను చూసింది. రక్తంలో పడి ఉన్న నాన్న కళ్ల ముందు మెదిలాడు. అతని వైపు వేలెత్తి చూపించింది.

"ఉన్నాడండి."

"గట్టిగా. జడ్జిగారికి వినబడాలి."

"ఉన్నాడండి! ఇతనేనండి!"

ఆ గొంతుకు మాధురే ఉలిక్కిపడింది. ఇంత గట్టిగా తను ఎప్పుడూ మాట్లాడలేదు.

"శభాష్" అన్నారు గౌరీశంకరం గారు. తల మీది చెయ్యి మెల్లగా తీసేశారు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు.

మంగతాయారు లేచింది. చేటలోంచి చిక్కుడుకాయలు నేల మీద పడ్డాయి. ఎవరూ ఏరలేదు.

"పిల్ల అలిసిపోయింది. కాసేపు ఇక్కడే ఉండనీ" అన్నారు ఆయన. ముందు వంశీకృష్ణ బయటికి వెళ్లాడు. వెనకే ఆయన వెళ్లారు.

"నాయనమ్మను పిలవండి అత్తయ్యగారూ" అంది మాధురి.

"గడ్డం తీయించేసినా ఈ పిల్ల వీణ్ణి గుర్తుపట్టేస్తుందని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నానుగదండీ" అని భర్తతో అంటూ మంగతాయారు బయటి నుంచి తలుపు గడియ పెట్టింది.