ట్యాంకులో అత్తయ్య

కంప్యూటరు సామాన్ల కొట్లో, కౌంటరు మీద ఇరవై మీటల కీప్యాడు ఎరుపు, పచ్చ, నీలం రంగుల్లో తళతళలాడుతోంది.

అత్తయ్య దాన్ని ఎగాదిగా చూసింది.

"దీనికి ఇంత మేకప్పు దేనికమ్మా?"

కొట్టు అమ్మాయి నవ్వు ఆపుకుంది. "ఏ మీట ఏం చేయాలో మీరే పెట్టుకోవచ్చండీ. ఒక్కటి నొక్కితే నాలుగు పనులయ్యేలా కూడా."

గోడ గడియారంలో పదకొండుంపావు. ఇవాళ్టి పోటీలో ఆడేవాళ్ళ పేర్లు పన్నెండులోగా మళ్ళీ ఖాయం చేసి పంపాలి. నాకు ఒకచోట కాలు నిలవడం లేదు.

మా ఆట ఇదీ. కంప్యూటర్లో ఒక ట్యాంకు, అందులో ఇద్దరు. తోలేది నేను. గురి చూసి పేల్చేది అత్తయ్య. సాయంత్రం నాలుగింటికి సెమీఫైనల్.

అక్కడిదాకా లాక్కొచ్చింది ఆవిడ గురే. నేను గోడలకి గుద్దడంలో దిట్టని.

కానీ ఈ నెల్లో ఆవిడ వేళ్ళు పూర్తిగా మొరాయించాయి. కణుపులు వాచిపోయి, మౌసు పట్టుకుంటే జారిపోతోంది.

రెండేళ్ళ కిందట కుట్టుపని మానేసిందీ ఆ వేళ్ళవల్లే. ముప్పై ఏళ్ళు పెడల్ తొక్కిన మోటారు మిషన్ని ఎవరికో ఇచ్చేసి, వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఏదో కాలక్షేపానికని నేను ఈ ఆట నేర్పించాను. ట్యాంకు ఎక్కాకే మళ్ళీ మనిషైంది. నన్ను తిట్టడం కూడా అప్పుడే మొదలుపెట్టింది.

పొద్దున టీ తాగుతూ, "నా బదులు మీ ఆఫీసు అకౌంటెంటు పేరు రాసేయ్ అమ్మాయ్. అతనికి పదివేళ్ళూ పనిచేస్తాయి," అంది కప్పులోకి చూస్తూ.

నాకు ఒళ్ళు మండింది. ఆ వాగుడుకాయతో ఒకే ట్యాంకులో కూర్చోవడం కన్నా దిగి నడిచిపోవడం నయం.

అసలు సంగతి అది కాదు. ఆవిడ లేకుండా ఆడటం నాకిష్టం లేదు. చెయ్యి పట్టుకుని కొట్టుకి లాక్కొచ్చాను.

అత్తయ్య కీప్యాడు మీద వేళ్ళు పెట్టింది. ఒక మీట నొక్కబోతే రెండు నొక్కుకున్నాయి. కొట్టు కంప్యూటర్లో తెరిచిన మా ఆటలో ట్యాంకు ఆకాశాన్ని పేల్చింది.

"ఇంకోటి చూపించు," అన్నాను.

బొటనవేలితో తిప్పే బుల్లి పుల్ల వచ్చింది. బొటనవేలు ససేమిరా అంది.

సాసరంతేసి మీటలు వచ్చాయి. కుడి అరచేత్తో కొడితే పడుతున్నాయి. కానీ గురి చూడాల్సిందీ ఆ చెయ్యే. ఎడమది మరీ అధ్వాన్నం.

తర్వాత నారింజకాయంత బంతి ఉన్న మౌసు వచ్చింది. పట్టుకోనక్కర్లేదు, అరచెయ్యి ఆనించి బంతిని దొర్లిస్తే చాలు. అత్తయ్య చెయ్యి దాని మీద మెత్తగా తిరిగింది, గుడ్డ మీద ముడతలు సరిచేస్తున్నట్టు.

తెరమీద గురి బుద్ధిగా కదిలింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "సగం పనైంది! ఇంక పేల్చడమే."

పదకొండు నలభై.

అమ్మాయి లోపలికి పరుగెత్తి కాలితో నొక్కే పెడల్ ఒకటి తెచ్చింది. రికార్డింగులు వింటూ టైపు చేసేవాళ్ళు వాడతారట.

అత్తయ్య చెప్పు విడిచింది. పాదం ఆనించి మెల్లగా ఒత్తింది.

ఏమీ లేదు. ఇంకొంచెం ఒత్తింది. ఏమీ లేదు. ఇంకాస్త.

ఢాం! గురి కుదరకముందే పేలింది.

మళ్ళీ ఒత్తింది. మళ్ళీ అదే వరస.

"ఠక్కున నొక్కి వదిలేయాలండీ," అంది అమ్మాయి.

"ఠక్కున నొక్కితే సూది విరగదూ?"

అమ్మాయి ఏమీ అర్థంకాక నా వంక చూసింది.

"దీనికి నిదానం, వేగం అంటూ లేవా? అయితే నావల్ల కాదు," అని అత్తయ్య కాలు తీసేసింది. "అతని పేరే రాసేయ్ అమ్మాయ్. టైమైపోతోంది." చెప్పు కోసం కాలితో వెతుక్కుంటోంది.

నాకు ఏడుపొకటే తక్కువ. కొట్టంతా కలయజూశాను.

మూల, కార్ల పందేల ఆటకి వాడే ఇనుప పెడళ్ళు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి.

"అవి కార్లకండీ."

"కొంచెం ఒత్తితే కొంచెం, ఎక్కువ ఒత్తితే ఎక్కువ. అంతేనా?" అడిగాను.

"అంతే కానీ..." అంటూనే అమ్మాయి అటు పరుగెత్తింది. మరుక్షణం తీగ లాగి కంప్యూటరుకి తగిలించేస్తోంది. "సగం ఒత్తితే దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది, పూర్తిగా ఒత్తితే పేలుతుంది. అలా పెట్టేస్తాను. రెండే రెండు నిమిషాలు!"

నాలుగు పట్టింది. నేను గోళ్ళన్నీ కొరికేశాను.

అత్తయ్య కుర్చీ దగ్గరికి జరుపుకుంది. నడుం నిటారుగా పెట్టింది. కుడిపాదం వెళ్ళి పెడల్ మీద కూర్చుంది.

సగం ఒత్తింది. ఎక్కడో గుట్ట మీదున్న శత్రువు ట్యాంకు కళ్ళముందుకొచ్చింది. అరచేతి కింద బంతి వెంట్రుకవాసి జరిగింది. పెడల్ మీద కాలి మునివేళ్ళు నిదానంగా దిగాయి.

ఢాం.

ఒకటి పోయింది. ఇంకోటి. ఆ వెనకదీ.

నేను ఎగిరి గంతేశాను. నాతోపాటు కొట్టు అమ్మాయీ గంతేసింది. చార్జరు కొనడానికొచ్చిన పెద్దాయన హడలిపోయి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

పదకొండు యాభై ఆరు.

గబగబా ఫోన్లో ఫారం తెరిచాను. నా వివరాలు కొట్టాను. ఆవిడ పేరు కొట్టాను. వయసు అరవై మూడు అని కొట్టాను.

"అత్తయ్యా, వృత్తి అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలేయనా?"

ఆవిడ తెర మీంచి చూపు తిప్పలేదు.

"టైలర్ అని రాయి," అంది.