ఈ పెళ్లికి అడ్డెవరు?

“మీ పెళ్లికి మా ఓటు అడ్డమా? ఆ మాట ఇంకోసారి అను, డొమినిక్,” అన్నాడు గేలెన్.

చర్చి కింది హాల్లో కాఫీ కప్పుల చప్పుడు ఆగిపోయింది.

మంగళవారమే ఓటింగు. మగవాడికీ ఆడదానికీ మధ్య జరిగేదే పెళ్లి అని మిన్నెసోటా రాష్ట్ర రాజ్యాంగంలో రాసెయ్యాలా, వద్దా అన్నది ప్రశ్న. ఇద్దరు మగవాళ్ల పెళ్లిని చట్టం ఎలాగూ ఒప్పుకోదు. రాజ్యాంగంలో కూడా ఎక్కితే మూసిన తలుపుకి మేకులు కొట్టినట్టే. డొమినిక్‌కి అరవై దాటాయి. ఆ మేకులు ఊడదీసే రోజు వరకూ తాను బతికి ఉంటానన్న నమ్మకం అతనికి లేదు. అందుకే ఈ సాయంత్రం ఊరందరి ముందూ లేచి నిలబడ్డాడు.

అతను పుట్టింది న్యూజెర్సీలో. పదకొండేళ్లుగా ఐనార్ పాడి కొట్టంలో పని చేస్తూ, ఐనార్ ఇంట్లోనే ఉంటున్నాడు. ఎందుకు ఉంటున్నాడో ఊరికి తెలుసు. తెలిసినట్టు ఎవరూ కనబడరు.

కిందటి చలికాలం ఆవు తన్ని ఐనార్ పక్కటెముకలు విరిగాయి. అప్పుడు ఆస్పత్రి గుమ్మంలో జరిగిన సంగతి డొమినిక్ చెప్పుకొచ్చాడు.

“మీరు ఆయనకి ఏమవుతారని నర్సు అడిగింది. ఏం చెప్పమంటారు? పాలేరునని చెప్పాను. పాలేర్లని లోపలికి రానివ్వం అంది. మంచు కురుస్తుంటే ట్రక్కులో కూర్చున్నాను, ఆయన బతికాడో లేదో తెలియకుండా. మీ చర్చిలో చోటు అడగట్లేదు. మీ పెళ్లిళ్ల జోలికి రావట్లేదు. మళ్లీ ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే నిజం చెప్పే వీలుండనివ్వండి. అంతే నేనడిగేది.”

బెంచీల మీద రెండు మూడు తలలు మెల్లగా ఊగాయి. ముందు వరసలో ఒకావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

గేలెన్ పాల సహకార సంఘానికి అధ్యక్షుడు. సభ చేజారిపోతుంటే పసిగట్టడం అతనికి కొత్త కాదు. వెంటనే లేచాడు.

“అయోవా సరిహద్దు ఇక్కణ్నించి అరగంట. అక్కడ ఈ పెళ్లిళ్లకి అనుమతి వచ్చి మూడేళ్లయింది. అంత ఆత్రం ఉన్నవాడివి, ఎందుకు వెళ్లలేదయ్యా?”

అక్కడ చేసుకున్న పెళ్లి ఇక్కడ చెల్లదని చెప్పొచ్చు. అది నిజం కూడా. కానీ వెనక బెంచీలో ఐనార్ కూర్చుని ఉన్నాడు, ఒళ్లో పెట్టుకున్న టోపీకేసి చూస్తూ. అతని ముందు సగం నిజం చెప్పడానికి డొమినిక్‌కి నోరు రాలేదు.

“వెళ్దామని అడిగాను,” అన్నాడు. “ఐనార్ వద్దన్నాడు.”

హాలంతా నవ్వింది.

“విన్నారుగా,” అన్నాడు గేలెన్, చేతులు చాచి. “కట్టుకోవాల్సినవాడే ఒప్పుకోలేదట, మనల్ని ఒప్పుకోమంటున్నాడు. దొంగని ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నావయ్యా. మీ పెళ్లికి అడ్డెవరో ఇప్పుడు పేరు పెట్టి చెప్పు.”

ఆ ప్రశ్న డొమినిక్‌ని చాలాకాలంగా నిద్రపోనివ్వడం లేదు. పెళ్లి చేసుకుందామని మొదటిసారి పాలు పితికే చోట అడిగాడు. “ఎందుకులే, నీకు శ్రమ,” అన్నాడు ఐనార్. పోయినేడాది దూడని కొనడానికి వెళ్తుంటే అయోవా బోర్డు కనిపించింది. ట్రక్కు ఆపి మళ్లీ అడిగాడు. “ఇలా బాగానే ఉన్నాంగా,” అన్నాడు ఐనార్. డొమినిక్ ఆ కోరికని మింగేశాడు. కానీ అది లోపల కరగలేదు. తీగ మీద తన చొక్కా పక్కన ఐనార్ చొక్కా ఆరుతుంటే చాలు, ‘మా ఆయన’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. ఒక్కసారి, ఎవరైనా వినేలా, ఆ మాట పైకి అనాలని ఉండేది.

“ఎన్నిసార్లు అడిగావు నాయనా?”

వంటగది గుమ్మంలోంచి వచ్చింది ఆ గొంతు. ఆర్డిస్ ముసలమ్మది. గేలెన్‌కి కన్నతల్లి. కొడుకు ఎటు ఓటేస్తే ఆవిడా అటేనని ఊరు లెక్కేసుకుని ఉంది.

“రెండుసార్లండీ,” అన్నాడు డొమినిక్.

“రెండేనా?”

“రెండుసార్లు వద్దన్న మనిషిని ఇంకా వేధించడం మర్యాద కాదనుకున్నాను.”

నవ్వులు ఆగిపోయాయి. బెంచీల మీద జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కళ్లద్దాలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గేలెన్ చాచిన చేతులు దించి కూర్చుండిపోయాడు. ఏం జరిగిందో డొమినిక్‌కి అంతుబట్టలేదు. తను పూర్తిగా ఓడిపోయాననే అనుకున్నాడు.

“ఐనార్, లే,” అంది ఆర్డిస్. “మావాడి ప్రశ్నకి జవాబు నువ్వు చెప్పు. ఈ పెళ్లికి అడ్డెవరు?”

ఐనార్ లేచాడు. ఆ హాల్లో అతను నోరు విప్పగా చూసినవాళ్లు లేరు. చెవులు ఎర్రబడ్డాయి. టోపీని రెండు చేతులా నలిపాడు. డొమినిక్ వైపు కాదు, నేలకేసి చూస్తూ మొదలుపెట్టాడు.

“మనూళ్లో మూడోసారి బతిమాలితే గానీ కాఫీ అయినా పుచ్చుకోం కదండీ. ఏడాదిగా కాచుక్కూర్చున్నాను,” అని తలెత్తి వేలు చూపించాడు. “అడ్డు ఈ డొమినిక్కే. మూడోసారి అడగలేదు.”