ఆగకూడని ఇంజిన్

"ఒక్కపారి ఆగిందంటే చేసిందంత గంగల కలిసినట్టే. నీకెందుకర్థమైతలేదు భానూ?" ఫోనులో గట్టిగా అన్నాడు వెంకటేశ్.

"అర్థమైందిరా బాబూ. అరచేతిలో కాగితం ముక్క ఎంత బరువుంటుందో నీ అయాన్ ఇంజిన్ తోపు అంత. నిన్నటి నుంచి తోస్తూనే ఉంది. ఇలాంటి ఆట ఎవడాడతాడు?" హిమాయత్‌నగర్‌లో తన గదిలో కూర్చుని కంప్యూటర్ ఆటలోని అదే అంతరిక్ష ఓడను తన తెర మీద చూస్తున్న భానుతేజ నవ్వాడు. "కాలాన్ని ముందుకు జరిపే మీట ఉందిగా, నొక్కెయ్."

"నొక్కితే అసలు లెక్కెట్లయితది?"

ఆట తయారుచేసిన కంపెనీ పెట్టిన పందెమే అది. అంతరిక్షంలో నిజంగా ఎలా నడుస్తుందో అలాగే, ఒక్క క్షణం ఆపకుండా, అంగారకుడి దగ్గరికొచ్చేసిన ఓడను దాని కక్ష్యలో పెట్టాలి. పెడితే వెంకటేశ్‌కు ఉద్యోగం. గన్‌ఫౌండ్రీలో ఉన్న ఉద్యోగం పోయి ఎండాకాలం, వానాకాలం గడిచాయి. ఆ మాట తండ్రికి చెప్పే ధైర్యం రాలేదు. రాకెట్ల కంపెనీ పని ఇంట్లోనే చేస్తున్నానని చెప్పి నెట్టుకొస్తున్నాడు.

తండ్రి రాజనర్సు బేగం బజార్ మిర్చి గోదాముల్లో బస్తాలు మోసి మోసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. మంచం పక్కన గుర్రుమనే ఆక్సిజన్ యంత్రమే ఇప్పుడాయన ఊపిరి. అది కాసేపు ఆగితే చాలు, పెదాలు నీలమవుతాయి. పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు దయతలచి, కరెంటు పోయినా యంత్రం ఆగకుండా, తన ఇన్వర్టర్ నుంచి ఒక్క ప్లగ్గుకు లైను ఇచ్చాడు. రెండోది తగిలిస్తే మొత్తం ఆగిపోతుందని తండ్రీకొడుకులిద్దరికీ మరీ మరీ చెప్పాడు. నాంపల్లి గల్లీలో వాళ్లిచ్చే కిరాయికి అదే గొప్ప.

"గా నీలం మంట ఏంది బిడ్డా?" మంచం మీది నుంచి అడిగాడు రాజనర్సు.

"ఇంజిన్ నాయినా."

"గింత మంట గంత పెద్దదాన్ని నూకుతదా?"

"నూకుతది, జర జర. ఆగకుంటుండాలె, గంతే."

"లోపట మనుషులున్నరా?"

ఓడ అద్దం వెనక హెల్మెట్ పెట్టుకున్న బొమ్మ కనబడుతోంది. "ఒకడున్నడు" అన్నాడు వెంకటేశ్, తెర మీది నుంచి చూపు తిప్పకుండా.

"ఇంజిన్ ఆగితే?"

"ఇగ వాపసు రాడు. అట్లనే పోతడు."

రాజనర్సు తెర మీది బొమ్మకేసి మెడ సాచి చూశాడు. "పెండ్లాం పిల్లలున్నరో ఏమో ఆనికి" అన్నాడు.

వెంకటేశ్‌కు నవ్వొచ్చింది. ఇది ఆట అని చెప్పబోయాడు. చెబితే ఉద్యోగం సంగతీ చెప్పాలి. ఊరుకున్నాడు.

తండ్రి ముక్కుకు పెట్టే గొట్టం పొద్దున చీలింది. దానికి టేపు చుట్టి, కొత్తది తేవడానికి లేచాడు. "నాయినా, ఆబిడ్స్ పోయొస్త. గీ లాప్‌టాప్ బ్యాటరీ ఖరాబైంది. కరెంటు అందకుంటే జరసేపు కూత పెట్టి బందైతది. వైరు ఊడకుంట జర చూస్తుండు."

"ఫికర్ జెయ్యకు. ఆడొక్కడే ఉన్నడు గద, నేను చూస్త."

ఆబిడ్స్‌లో మందుల షాపు మెట్లెక్కుతుండగానే కరెంటు పోయింది. వీధంతా జనరేటర్లు మొదలయ్యాయి. తండ్రికి ఇన్వర్టర్ ఉంది, ఆ చింత లేదు. వెంకటేశ్ భయమంతా ఓడ గురించే. వెంటనే ఫోను చేశాడు.

"భానూ, బందైందా?"

"లేదే! నీలం మంట అలాగే ఉంది."

"అయితే మా దిక్కు పోలేదన్నట్టు!"

షాపులో బిల్లు కంప్యూటర్ ఎంతకీ లేవలేదు. ఇంకో రోజైతే గొడవపడేవాడే. ఇవాళ ఓపికగా నిలబడ్డాడు. గొట్టం చేతికొచ్చే వేళకు ఫోనులో భానుతేజ కేక వినిపించింది. "కక్ష్యలో పడిందిరా! నీకు ఉద్యోగం వచ్చేసింది!"

వెంకటేశ్‌కు కళ్లనీళ్లు తిరిగాయి. దారిలో జిలేబీ కట్టించుకున్నాడు. ఇవాళ నాయినకు అన్నీ చెప్పేయాలి. పోయిన ఉద్యోగం, వచ్చిన ఉద్యోగం, ఆ ఓడలో ఎవరూ లేరన్న సంగతి కూడా.

"నాయినా!" గుమ్మంలోంచే అరిచాడు. "నీ మనిషి బతికిండు!"

రాజనర్సు పలకలేదు. తెర ముందు స్టూలు మీద, గడ్డం ఛాతీకి ఆనించి కూర్చుని ఉన్నాడు. పని ముగిసి తెర మీది మంట ఆరిపోయింది. నీలం ఆయన పెదాల మీద ఉంది. ఫ్యాను తిరగడం లేదు. యంత్రం చప్పుడు లేదు. వెంకటేశ్ గోడవైపు చూశాడు.

ఇన్వర్టర్ ప్లగ్గులో లాప్‌టాప్ వైరు ఉంది.