డ్రైవర్‌కి ఒకటి

కంపెనీ మూతపడి ఉద్యోగం పోయినా ఎడ్వర్డ్ సారు టై విప్పలేదు. దోహాలో ఇఫ్తార్ గుడారం దగ్గర, ఉచిత బిర్యానీ లైన్లో నా ముందే నిలబడ్డాడు. నిరుడు నన్ను ఇదే లైన్లో చూసి, "ఏం చిన్నప్పా, ఊరక కూడంటే సిగ్గుండదురా మీకు!" అన్న మనిషే.

"రెండు పొట్లాలివ్వు. ఒకటి నా డ్రైవర్‌కి," అన్నాడు దర్జాగా.

పంచేది కడప మనిషి. "మనిషికి ఒకటే సార్. డ్రైవర్నే రమ్మనండి."

సారు టై సర్దుకున్నాడు. కారులోంచి భార్యాబిడ్డలు ఇటే చూస్తున్నారు.

పోయిన నెల ఆయన పనిలోంచి తీసేసిన డ్రైవర్ని నేనే. "వచ్చినాలేప్పా," అని ముందుకు పోయి, నా వంతు పొట్లం తీసుకుని ఆయన చేతిలో పెట్టాను.

సారు నా మొహం చూడలేదు.

"చిన్నప్పా, కారు అద్దం దుమ్ము కొట్టుకుపోయింది. తుడిచి వెళ్ళు," అన్నాడు.